సోపతిని చూసుకునే శ్యామల

శ్రీరాంపూర్ కాలనీలో శ్యామల ఇల్లెక్కడని అడిగితే, కాలేజీ మేడం ఇల్లా అని ఎదురడుగుతారు. నిజానికి ఆమె పాఠాలు చెప్పే మేడం కాదు. మంచిర్యాలలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకుంటుంది. పొద్దున వెళ్లి తాళం తియ్యడం, మొరాయించిన మిషన్లను దారికి తేవడం, పరీక్షలప్పుడు ప్రింటర్ దగ్గర నిలబడడం, సాయంత్రం మెయిన్ కట్టేసి బస్సెక్కడం ఆమె ఉద్యోగం. భర్త మల్లేష్ ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. కూతురు భూమిక డిగ్రీ చదువుతోంది. శ్యామల నలభై దాటిన మనిషి, ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడదు, పెళ్లిళ్లలో వెనక వరసలో కూర్చుంటుంది.

ఆమెకు జీతం లేని పని ఇంకొకటి ఉంది. అది కాలనీలో చాలామందికి తెలియదు, తెలిసినవాళ్లకు అర్థం కాదు.

ఆ పని తండ్రి చెయ్యి వల్ల మొదలైంది. మొండయ్య బెల్లంపల్లి బొగ్గుబాయిలో టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టేవాడు. ఒక షిఫ్టులో ఆ పైకప్పే కూలింది. కుడిచెయ్యి మోచేతి దాకా తీసేశారు. ఎడమచేతికి బొటనవేలూ చిటికెనవేలూ మిగిలాయి. ఇంట్లో పంకా వెయ్యాలన్నా, టీవీ పెట్టాలన్నా ఆయన భార్యను పిలవాలి. ఆమె బజారుకు పోతే తిరిగే పంకా తిరుగుతూనే ఉంటుంది, ఆగినది ఆగే ఉంటుంది.

శ్యామల ఒక ఫోను కొనిచ్చి, గోడకు ఒక స్విచ్చుల డబ్బా బిగించి, నోటితో చెబితే పని జరుగుతుందని నేర్పింది. మొండయ్య పంకా బంద్ జెయ్యమన్నాడు. ఫోను క్షమించమంది. గాలి వద్దంటున్న అన్నాడు. ఫోను గాలివాన వార్తలు చదివింది. ఆయన దాని వంక కాసేపు చూసి, దీనికి మన మాట రాదు తీస్కపొమ్మన్నాడు.

ప్రేమ్‌సాగర్ శ్యామలతో కలిసి పాలిటెక్నిక్ చదివినవాడు, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఆమె ఈ సంగతి ఫోనులో చెబితే నవ్వాడు, తర్వాత ఆలోచించాడు. మాటను అక్షరాలుగా మార్చే ప్రోగ్రాములు ఇంటర్నెట్టులో ఉచితంగానే దొరుకుతాయి, వాటికి మన మాట నేర్పితే సరిపోతుంది గదా అన్నాడు. సరిపోలేదు. ఇద్దరూ ఆదివారాలన్నీ దాని మీద పెట్టారు. చివరికి అరచేతిలో పట్టే ఒక చిన్న బోర్డు, ఒక మైకు, ఒక స్పీకరుతో ఇంట్లోనే ఉండి వినే యంత్రం ఒకటి తయారైంది. ఇంటర్నెట్టు లేకపోయినా పని చేస్తుంది, ఇంట్లో మాట బయటికి పోదు. మొండయ్య దాన్ని సోపతీ అని పిలిచాడు. వాళ్ల వైపు సోపతి అంటే స్నేహం, తోడు. పేరు అదే నిలిచింది.

ప్రేమ్‌సాగర్ దాన్ని ఓపెన్ సోర్సుగా పెడదామన్నాడు. అంటే ప్రోగ్రాము మొత్తం ఇంటర్నెట్టులో అందరి కళ్ల ముందు ఉంటుంది. ఎవరైనా తీసుకోవచ్చు, బాగుచేయొచ్చు. బాగుచేసి ఇంకొకరికి ఇస్తే అదే స్వేచ్ఛతో ఇవ్వాలి. ఈ షరతులన్నీ రాసి ఉండే పత్రాన్నే లైసెన్సు అంటారు. ఆ రోజుల్లో ఇద్దరికీ లైసెన్సుల గురించి తెలిసింది తక్కువ. జీపీఎల్ అనే లైసెన్సులో రెండో కూర్పును ఎంచుకున్నారు. ఆ కూర్పే గాని వేరేది కాదని అందులో ఒక మాట కూడా రాసి పెట్టారు. ఆ మాట అవసరం లేదు. ఎక్కడో చూసి అలాగే దింపుకున్నారు.

సోపతి మెల్లగా పెరిగింది. వాడేవాళ్లు వేలల్లో లేరు. బెల్లంపల్లిలో చూపు పోయిన రిటైర్డు కాంపౌండర్ సామ్యూల్ ఒకడు, నస్పూర్‌లో నడుము విరిగి మంచాన పడ్డ, బాయిలో బొగ్గు తొట్లు తోసిన ట్రామర్ ఒకడు, ఆసిఫాబాద్ వైపు ఒక హాస్టలు, ఇంకా అక్కడక్కడా. రాసేవాళ్లూ వచ్చి చేరారు. ఒకరు అక్షరదోషం దిద్దిపోతే, ఇంకొకరు టీవీ రిమోటును కలిపిపోయారు. వచ్చినవాటిని చదివి, పరీక్షించి, బాగున్నవాటిని చేర్చుకుని, బాగాలేనివాటికి నొచ్చుకోకుండా జవాబు రాయడం శ్యామల పని. ప్రేమ్‌సాగర్‌కు ఉద్యోగంలో బాధ్యతలు పెరిగి చెయ్యి తగ్గింది. ఎవరూ అప్పజెప్పకుండానే సోపతి ఆమె మీద పడింది.

అలా వచ్చినవాళ్లలో ఖానాపూర్ కుర్రాడు రాకేశ్ ఒకడు. బీటెక్ చేసి, ఉద్యోగం దొరక్క ఇంట్లో ఉన్నాడు. సోపతిలో అతి కష్టమైన భాగం అతను ఎత్తుకున్నాడు. మాట వినడం ఒకటి, ఆ మాటతో మనిషి ఏం అడుగుతున్నాడో పట్టుకోవడం ఇంకొకటి. ఆ రెండోది అతను రాశాడు. అతను వచ్చాక సోపతికి జర ఆగు అంటే ఏమిటో తెలిసింది. శ్యామలతో రెండేళ్లకు పైగా రోజు మార్చి రోజు రాతలో మాట్లాడాడు. మేడం అని మొదలుపెట్టి, అక్కా అని పిలిచే దాకా వచ్చాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. మంచిర్యాల వస్తే ఇంటికి రమ్మని ఆమె అంటే, వస్తానని అతను అనేవాడు.

ఒక వానాకాలం అతని నుంచి జవాబులు ఆగిపోయాయి. కొన్ని వారాల తర్వాత అతని స్నేహితుడెవరో మెసేజి పెట్టాడు. డెంగీ జ్వరం, నిర్మల్ తీసుకుపోయారు, అక్కడి నుంచి నిజామాబాద్ తీసుకుపోతుంటే దారిలో పోయిండు అని. శ్యామల అది ల్యాబులో చదివింది. అప్పుడు ఫస్టియర్ పిల్లలకు ప్రాక్టికల్స్ జరుగుతున్నాయి. ఆమె లేచి వెళ్లి, పేపరు ఇరుక్కున్న ప్రింటరు విప్పి బాగుచేసింది. రాకేశ్ చివరగా పంపిన మార్పు ఇంకా చూడాల్సినవాటిలో ఉంది. దాన్ని చాలాకాలం చేర్చుకోలేదు, తీసెయ్యనూ లేదు.

చిక్కు ఆ తర్వాత వచ్చింది. సోపతి లోపల మాటను అక్షరాలుగా మార్చే భాగం వేరేవాళ్లు చేసినది. వాళ్లు దాన్ని వదిలేశారు. కొత్త బోర్డుల మీద అది నడవడం మానేసింది, పాత బోర్డులు బజారులో దొరకడం మానేశాయి. నస్పూర్ ట్రామర్ బోర్డు కాలిపోతే ఇంకోటి పెట్టడానికి లేకపోయింది. బదులుగా ఇంకా మంచిది ఒకటి వచ్చింది గాని దాని లైసెన్సు వేరు. సోపతి పట్టుకున్న రెండో కూర్పుతో అది పొసగదు, రెండింటినీ ఒక్క ప్రోగ్రాములో కలపడానికి వీల్లేదు. మూడో కూర్పుతో అయితే పొసగుతుంది. సోపతిని రెండో కూర్పు నుంచి మూడో కూర్పుకు మార్చాలి. మార్చాలంటే, అందులో పనికొచ్చే ముక్క రాసిన ప్రతి ఒక్కరూ సరే అనాలి. ఎవరు రాసింది వాళ్ల సొత్తు. పుట్టించింది తనే అయినా శ్యామలకు మిగతావాళ్ల ముక్కల మీద హక్కు లేదు.

ఆమె ఒక్కొక్కరికీ రాసింది. పోలండ్‌లో ఉండే ఒకాయన వెంటనే సరేనన్నాడు. వరంగల్ నుంచి ఒకతను తను ఏం రాశాడో గుర్తులేదనీ, ఏదైనా సరే తీసుకొమ్మనీ రాశాడు. ఒకమ్మాయి రెండు కూర్పులకూ తేడా ఏమిటని అడిగి, చదువుకుని, ప్రశ్నలేసి, చివరికి ఒప్పుకుంది. కొందరిని వెతికి పట్టుకోవడానికే నెలలు పట్టింది. దొరకనివాళ్ల ముక్కలు చిన్నవి, అవి తీసేసి మళ్లీ రాసింది. ఇక రాకేశ్ మిగిలాడు.

ప్రేమ్‌సాగర్ ఫోను చేసి, ఆ ఒక్కటి వదిలేసి మార్చేద్దామన్నాడు.

"పిలగాడు పాయె. ఇష్టంగ ఇచ్చిన పని అది. ఖానాపూర్ల రైతు లైసెన్సు మీద కోర్టుకెక్కుతడా శ్యామలా?"

"ఎక్కడు."

"మరింకేంది?"

"కోర్టుకెక్కడని తెలిసి చేసుడే మంచిగనిపిస్తలేదు" అంది ఆమె. అతను నువ్వు మారవు అని ఫోను పెట్టేశాడు. కోపం వచ్చిందేమోనని ఆమె అనుకుంది గాని తిరిగి చెయ్యలేదు.

ఒక ఆదివారం ఆమె లక్సెట్టిపేట మీదుగా ఖానాపూర్ బస్సెక్కింది. జన్నారం దాటాక అడవి, అడవి దాటాక మక్క చేన్లు. రాకేశ్ ఇల్లు ఊరి చివర ఉంది, వాకిట్లో పసుపు ఆరబోసి ఉంది. తండ్రి దశరథం అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. ఆమె తనెవరో చెప్పుకుంది. తల్లి సరోజన చెంబుతో నీళ్లు తెచ్చిచ్చి, లోపలికి పోయి గడప పక్కన కూర్చుంది.

లైసెన్సు సంగతి రైతుకు ఎలా చెప్పాలో బస్సులో అనుకుంటూ వచ్చింది. బాటకు పొలం ఇచ్చినట్టు అని చెప్పింది. అందరూ నడవడానికి అందరూ తలా కొంచెం ఇచ్చారు, ఇప్పుడు బాట మలపాలి, ఇచ్చినవాళ్లందరినీ అడగాలి. దశరథం పేనడం ఆపకుండా విన్నాడు. తన కొడుకు అలాంటి పని చేశాడని ఆయనకు తెలియదు. గదిలో కూర్చుని ఏదో చేస్తుండేవాడని మాత్రమే తెలుసు. దానికి జీతమిచ్చేవారా అని అడిగాడు. ఇవ్వలేదంది. నీకు ఇస్తరా అని అడిగాడు. నాకూ లేదంది.

"గా కంప్యూటర్ ముందట కూసుండి కూసుండి పెయ్యి పాడుచేసుకున్నడు" అన్నాడు ఆయన. "తిండి లేదు, నిద్ర లేదు. జ్వరమొస్తె తట్టుకునే సత్తువ లేకుండె. దానికి నన్ను సంతకం పెట్టుమంటున్నవా?"

ఆమె చేతిలోని చెంబు కింద పెట్టింది.

"వాడు రాసింది వాడు రాసినట్టే ఉండనీ. వాన్ని అడిగి మార్చెటట్టయితే మార్చుకో. నన్ను అడగకు."

కసురుకోలేదు, మామూలుగానే అన్నాడు. చాయ తాగి పొమ్మన్నాడు కూడా. సరోజన చాయ తెచ్చింది. శ్యామల కప్పు తీసుకున్నప్పుడు ఆమె ఏదో అడగబోయి, మొగుడి వంక చూసి ఊరుకుంది.

కాదన్నాక రాకేశ్ భాగాన్ని తీసేసి కొత్తగా రాయడమొక్కటే మార్గం. అతను రాసింది చదివినవాళ్లు రాస్తే అదే మళ్లీ రాసినట్టవుతుంది కాబట్టి, ఎన్నడూ చూడనివాళ్లెవరో రాయాలి. ఆదిలాబాద్‌లో ఒక పాలిటెక్నిక్ లెక్చరర్ ముందుకొచ్చాడు. శ్రద్ధగా రాశాడు. దాన్ని బెల్లంపల్లి తీసుకుపోయి మొండయ్య ఇంట్లో పెట్టి చూశారు. మొండయ్య జర ఆగు అన్నాడు. సోపతి టీవీ, పంకా, లైటు అన్నీ ఆపేసి కూర్చుంది.

"గీన్ని ఎవ్వడు చెడగొట్టిండు?" అని ఆయన కూతుర్ని అడిగాడు.

కాంపౌండర్ సామ్యూల్ ఇంట్లోనూ అదే గతి. ఆయన చూపులేని మనిషి కాబట్టి సోపతి మీద ఫిర్యాదులన్నీ ఫోనులోనే చెప్పేవాడు, ఓపిగ్గా, ప్రార్థన చేసినట్టు. ఈసారి ఇంటికొచ్చిన శ్యామలతోనే కొత్తది వద్దు, పాతదే ఉంచమన్నాడు. శ్యామల కారణం చెప్పింది. ఆ ఇంట్లోనే ఆయన కూతురు ఆరాధన ఉంది. మంచిర్యాల కోర్టులో వకీలు, మెథడిస్టు చర్చిలో ప్రార్థన అయ్యాక భోజనానికి తండ్రి దగ్గరికి వచ్చింది. అన్నం కలుపుకుంటూ, ఆ పిలగాడికి పెళ్లయిందా అని అడిగింది. కాలేదంది శ్యామల. వీలునామా? ఇరవై నాలుగేళ్ల పిల్లవాడు వీలునామా ఏం రాస్తాడు.

"అయితే తండ్రి కాదన్నా, ఔనన్నా లెక్కలేదక్కా" అంది ఆరాధన. "పెళ్లికాని హిందూ కొడుకు పోతే వాని ఆస్తికి మొదటి వారసురాలు తల్లి. తల్లి ఉండంగ తండ్రికి రాదు. మీరు అడగాల్సింది ఆమెను."

శ్యామల ఆ మాట ప్రేమ్‌సాగర్‌కు చెప్పింది. అతను కుర్చీలోంచి లేచిన చప్పుడు ఫోనులో వినబడింది. తల్లి నంబరు సంపాదించి, తండ్రి చేనుకు పోయినప్పుడు మాట్లాడి, ఫోనులోనే సరే అనిపించి రికార్డు చేసుకుంటే పని అయిపోతుందన్నాడు. అది తప్పుడు సలహా కాదు. చట్టప్రకారం సరిపోతుంది కూడా. కానీ ఆ ఇంట్లో తను చాయ తాగి వచ్చింది. మొగుడికి తెలియకుండా ఆమెను సరే అనిపించి, ఆ తర్వాత ఆ ఇంట్లో ఏమైతే అదయిందని తను శ్రీరాంపూర్‌లో కూర్చోవడం ఆమెకు రుచించలేదు.

మళ్లీ ఖానాపూర్ వెళ్లింది. ఈసారి ఇద్దరినీ కూర్చోమని, వకీలు చెప్పినదంతా ఇద్దరి ముందే చెప్పింది. కాకా, నువ్వు వద్దన్నవు, నేను మళ్ల రావద్దు, కానీ అడగాల్సింది చిన్నమ్మనట, అది దాచిపెడితే తప్పయితది, అందుకే వచ్చిన అంది. దశరథం ముఖం మాడింది. భూమి నాది, ఇల్లు నాది, కన్నది నేను గాదా అన్నాడు. చట్టం అట్లున్నదంది శ్యామల.

సరోజన కొంచెం ముందుకు జరిగింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"అంటే వాడు రాసింది నాదా?"

"నీదే చిన్నమ్మా."

"నా పేరు మీద ఇప్పటిదాంక ఏం లేకుండె" అంది ఆమె. "అవ్వగారింట్ల లేదు, ఈడ లేదు. గిది ఉన్నదని నువ్వు చెప్తెనే తెలిసింది."

దశరథం లేచి తువ్వాలు భుజాన వేసుకుని చేనుకు పోయాడు. సరోజన ఆయన పోయిన దిక్కు చూసి, తనది అయినప్పుడు అందులో ఏమున్నదో తనకు తెలియాలి కదా అంది. ఏముందో చదివి చెప్పమంది.

శ్యామల ల్యాపుటాపు తెరిచింది. ప్రోగ్రాము చదివితే ఆమెకేం అర్థమవుతుందని తటపటాయించి, రాకేశ్ వరసల పక్కన రాసుకున్న మాటలు చదివింది. రాసేవాళ్లు తర్వాత చూసేవాళ్ల కోసం అలా రాసిపెడతారు, అవి ఎప్పుడూ అందరికీ కనిపించేలా ఉన్నవే. మోటరు పెట్టు, మోటరు వెయ్యి, మోటరు కొట్టు అని తమ ఇంట్లో ముగ్గురూ మూడు తీర్లుగా అంటారు, మూడూ ఒకటేనని ఒకచోట రాశాడు. జర ఆగు అంటే ఆపమని కాదు, తొందరపడొద్దని అని ఒకచోట. పోయొస్త అంటే వస్తున్నానని కాదు, పోతున్నానని, లైట్లు వెయ్యొద్దు అని ఇంకోచోట. ఒకచోట తల్లి గురించి కొంచెం పొడుగ్గా ఉంది. అవ్వ దీపం తీసెయ్ అనదు, ఆర్పు అనదు, కొండెక్కియ్యి అంటది. కరెంటు బుగ్గకు కూడా అట్లనే అంటది. నవ్వొచ్చినా అవ్వ మాటే కరెక్టు, సోపతే నేర్చుకోవాలె.

"గట్ల రాసిండా?" అంది సరోజన.

అలాగే రాశాడని శ్యామల తెర చూపించింది. సరోజన చదవలేదు గాని అక్షరాల మీద వేలు పెట్టింది. ఏడవలేదు. ఇంకా ఉంటే చదవమంది. ఉన్నవన్నీ చదివేసరికి మధ్యాహ్నమైంది. సరే అంటుందేమో అని శ్యామల అనుకుంది. సరోజన మాత్రం పెత్రమాస పోనీ, వాని పేరున బియ్యమిచ్చినంక చెప్త అంది. పెద్దలకు పెట్టుకునే ఆ అమావాస్య ఇంకా దూరముంది. బోర్డుల కోసం ఎదురుచూసేవాళ్లు శ్యామల కళ్లలో మెదిలారు. తొందరేమీ లేదని చెప్పి వచ్చేసింది.

పెత్రమాస పోయింది, బతుకమ్మ పండుగా పోయింది. కబురు రాలేదు. ప్రేమ్‌సాగర్ అడగడం మానేశాడు. దసరా సెలవులు అయిపోయాక ఒక పొద్దున సరోజన చేతిసంచితో మంచిర్యాల కాలేజీకే వచ్చింది. ఒంటరిగా. వాచ్‌మన్ ల్యాబులోకి తీసుకొచ్చాడు. జన్నారం దాటి ఒక్కతే బస్సులో రావడం ఇదే మొదలట. సంతకం పెట్టే ముందు ఆ వస్తువు ఎలా ఉంటుందో చూస్తానంది. శ్యామల సగం రోజు సెలవు పెట్టి ఆమెను బెల్లంపల్లి తీసుకుపోయింది.

మొండయ్య మంచంలో కూర్చుని ఉన్నాడు. వచ్చిందెవరో శ్యామల చెప్పాక, ఆయన కింద పడిపోయిన తువ్వాలు తీయబోయి చేతకాక ఊరుకున్నాడు. సరోజన తీసి మంచం మీద పెట్టింది. ఆయన దగ్గరున్నది పాత సోపతి, రాకేశ్ రాసిన భాగం ఉన్నది. పంకా బంద్ జెయ్యమంటే పంకా ఆగింది. ఉక్కపోస్తున్నది అంటే తిరిగింది. సరోజనను నువ్వేమన్న చెప్పు అన్నాడు మొండయ్య. ఆమె సిగ్గుపడింది. గోడ వంక, మంచం వంక, పైన వెలుగుతున్న బుగ్గ వంక చూసి, గొంతు సవరించుకుని అంది.

"సోపతీ, దీపం కొండెక్కియ్యి."

లైటు ఆరిపోయింది. మొండయ్య, గీ మాట దీనికొస్తదని నాకు తెల్వనే తెల్వది అన్నాడు. సరోజన కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత వాళ్లిద్దరూ పసుపు ధర గురించీ, కోతులు మక్కచేను పాడుచెయ్యడం గురించీ మాట్లాడుకున్నారు. శ్యామల తల్లి అన్నం పెట్టింది.

అన్నం తిన్నాక సరోజన కాగితం అడిగింది. అందులో ఏముందో శ్యామల చదివి వినిపించింది. సరోజన ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది.

"వాడు ఒకలకు ఏమన్న ఇస్తె మళ్ల దాని ముచ్చట తియ్యకపోతుండె" అంది. "అంగీ ఇచ్చినా గంతే, సైకిలిచ్చినా గంతే. నేనెందుకు పట్టుకోవాలె."

మొగుడికి చెప్పి వచ్చిందా అని శ్యామల అడిగింది. చెప్పే వచ్చానంది. నేనైతే ఇయ్యకపోదును అన్నాడట, పోవద్దని మాత్రం అనలేదట, బస్టాండు దాకా బండి మీద దింపాడట. ఒక్క మాట ఉన్నది అని, తన పేరు ఎక్కడన్నా రాస్తారా అని అడిగింది సరోజన. సోపతిలో హక్కుదారుల పేర్లుండే చోట శ్యామల అప్పటికప్పుడు రాసి చూపించింది. రాకేశ్ పేరు, ఆ పక్కన దశరథం భార్య అని కాకుండా ఒట్టి సరోజన అని, ఊరు ఖానాపూర్ అని. ఆమె దాన్ని ఫోనులో ఫొటో తీసిమ్మంది.

లైసెన్సు మారింది. ఆదిలాబాద్ లెక్చరర్ తను రాసిందంతా పక్కన పెట్టాల్సి వచ్చినా నొచ్చుకోలేదు, మాటను అక్షరాలుగా మార్చే కొత్త భాగాన్ని అతికించే పనిలో అతనే ఎక్కువ సాయం చేశాడు. రాకేశ్ చివరగా పంపి, చూడకుండా మిగిలిపోయిన మార్పును శ్యామల అప్పుడు తీసి చదివింది. అందులో ఒక చిన్న తప్పుంది. దిద్ది చేర్చుకుంది. నస్పూర్ ట్రామర్ ఇంట్లో కొత్త బోర్డు మీద సోపతి మళ్లీ పలికింది. ప్రేమ్‌సాగర్ ఫోను చేసి అభినందించాడు, నీ పద్ధతిల పోతే ఏడాది పట్టింది అని కూడా అన్నాడు. నిజమేనంది ఆమె. దశరథం ఆ ముచ్చట ఎప్పుడూ ఎత్తలేదు. సరోజన అప్పుడప్పుడు ఫోను చేసి, మన దాంట్ల ఏమన్న కొత్తగ చేసిన్రా అని అడుగుతుంది. చేసింది చెబితే వింటుంది. ఒకసారి మాత్రం వద్దంది. పాలవాళ్లు అనే మాటకు పాలు పోసేవాళ్లని ఎవరో చేర్చిన అర్థం తప్పని, దాయాదులనాలని. అడిగి చూస్తే తప్పే. ఇంకోసారి ఆమె తప్పన్నది తప్పు కాదని తేలింది, ఆ సంగతీ శ్యామల చెప్పింది.

ఇదంతా అయ్యాక శ్యామల ఒక కొత్త నిబంధన పెట్టింది. సోపతికి ఏదైనా రాసిచ్చేవాళ్లు, తమ తర్వాత ఎవరిని అడగాలో ఒక పేరు ఇవ్వాలి. దాని మీద కొంత గొడవ జరిగింది. వరంగల్ అతను ఇట్లాంటివి అడగడం అశుభమని రాశాడు. పోలండ్ ఆయన పెంపుడు పిల్లి పేరు ఇచ్చి, తర్వాత దిద్దుకుని చెల్లెలి పేరు ఇచ్చాడు. చాలామంది తల్లి పేరు ఇచ్చారు.

తన పేరు పక్కన గడిని శ్యామల కొన్నాళ్లు ఖాళీగా ఉంచింది. మల్లేష్ పేరు రాస్తే సరిపోతుంది. కానీ అతనికి అదేమిటో ఇన్నేళ్లలో ఒక్కసారీ తలకెక్కలేదు. చివరికి భూమిక పేరు రాసి, ఒక సాయంత్రం కూతురు బట్టలు మడతపెడుతుంటే చెప్పింది.

"నేనేం జెయ్యాలె?" అంది భూమిక.

"ఎవ్వలన్న వచ్చి అడిగితె, వాళ్లు చెప్పేది ఇనాలె. ఇనంగ నీకు ఏమనిపిస్తె అది చెప్పాలె."

భూమిక సరేనంది. చున్నీ ఒకటి మడతపెట్టి, అయితే ఆ ప్రోగ్రాము ఎట్లుంటదో ఎన్నడన్నా చూపించు, పరీక్షలైనంక అంది. శ్యామల సరేనని వంటింట్లోకి పోయింది.